కొట్టెయ్యని పేర్లు

బోర్లించిన కయాక్ పడవ కింద దూరి చిల్లుకు అతుకు వేస్తున్న నైరీకి ముందు కనబడింది అతని బూట్లే. ఎడమ బూటు తాడుకి రెండు ముడులు, కుడి దానికి ఒకటే. లోకంలో అలా కట్టుకునేవాడు ఒక్కడే ఉన్నాడని ఆమెకు తెలుసు. జిగురు పూస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"రెండు కయాక్‌లు కావాలండీ. శనివారం పొద్దున్నే. మోటు ఇటి దీవికెళ్లి, ఒక రాత్రి ఉండి వస్తాం."

"వస్తాం అంటే ఎవరెవరు?" అంది కిందనుంచే.

"నేనూ, ఇంకొకరూ."

"ఆ ఇంకొకరికి పేరు లేదా?"

"ఉంది. వస్తుందో రాదో ఇంకా అడగలేదు."

"అయితే ముందు అడిగి రండి. ఊహల్లో ఉన్నవాళ్లకి మేం లైఫ్ జాకెట్లు ఇవ్వం."

బూట్లు కదల్లేదు. కాసేపటికి వాటి పక్కన తలకిందులుగా ఒక ముఖం ప్రత్యక్షమైంది. గడ్డం వచ్చింది, కళ్ల పక్కన సన్నటి గీతలు వచ్చాయి, నవ్వు మాత్రం అదే.

"అడుగుతున్నాగా. వస్తావా నైరీ?"

నైరీ గబుక్కున లేచింది. పైన కయాక్ ఉందన్న సంగతి మర్చిపోయింది. ఠంగుమని మోగింది.

"పన్నెండేళ్ల తర్వాత వచ్చిన మనిషి మొదట 'ఎలా ఉన్నావు' అని అడగాలి, ఫెర్గస్!"

"ఎలా ఉన్నావు?"

"తల బొప్పి కట్టింది."

రానని చెప్పాలనే ఆమె నోరు తెరిచింది. తీరా బయటికొచ్చిన మాట, "శనివారం గాలి ఎలా ఉంటుందో చూడాలి" అని. రౌహినా సరస్సు ఒడ్డున ఆ మాటకి అర్థం సరేనని.

మోటు ఇటికి వెళ్లాలన్న ప్లాన్ వాళ్లకి పదమూడో ఏట మొదలైంది. ఏటా వేసవికి ఫెర్గస్ అవతలి ఒడ్డున వాళ్ల నాయనమ్మ ఉండే రేకు ఇంటికి వచ్చేవాడు. వచ్చిన మర్నాడే ఇద్దరూ విల్లో చెట్టెక్కి, దీవిలో ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో జాబితాలు రాసేవాళ్లు. పద్దెనిమిది నిండేదాకా రాత్రి దీవిలో ఉండడానికి వీల్లేదని నైరీ తాత విరెము కచ్చితంగా చెప్పేశాడు. కయాక్‌ల షెడ్డు ఆయనది, మాట కూడా ఆయనదే. ఐదు వేసవుల పాటు వాళ్లు రాసిన జాబితాలన్నీ కుట్టి పెడితే ఒక పుస్తకం అయ్యేది.

పుస్తకమంటే అసలు పుస్తకం తాత దగ్గర ఉంది. నీళ్లలోకి వెళ్లే ప్రతి మనిషీ ముందురోజు సాయంత్రమే అందులో స్వయంగా రాయాలి. పేరు, ఎక్కడికి, తిరిగి ఎప్పుడు. తిరిగొచ్చాక తన పేరు తన చేత్తోనే కొట్టెయ్యాలి. కొట్టెయ్యకుండా ఇంటికి పోయినవాళ్లకి తాత ఫోన్ చేసి, వాళ్లు ఏ దేశంలో ఉన్నా సరే, శుభ్రంగా తిట్టేవాడు. ఏడాది మారి కొత్త పుస్తకం తెరిచినప్పుడు, పాత దాంట్లో కొట్టెయ్యకుండా మిగిలిన పేర్లు మొదటి పేజీకి ఎక్కాలి. అది ఆయన నియమం. ప్రాణం ఉన్న మనిషిని పాత పుస్తకంలో వదిలేయకూడదంటాడు.

అలా పన్నెండేళ్లుగా మొదటి పేజీకి ఎక్కుతున్నది ఒకే ఒక్క వరుస, వాళ్లకి పద్దెనిమిది నిండిన వేసవిలో రాసుకున్నది. "నైరీ, ఫెర్గస్. మోటు ఇటి. ఒక రాత్రి. రాక: ఆదివారం సాయంత్రం."

"అయ్యో, మునిగిపోయారా?" అని ఊరికి కొత్తవాళ్లు అడుగుతుంటారు.

"లేదు, ఇంకా బయల్దేరలేదు" అంటాడు తాత.

మొదటి ఆరేళ్లు ఆ వరుస ఆయనే ఎక్కించాడు. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. అప్పటి నుంచీ ప్రతి జనవరి ఒకటిన నైరీయే రాస్తోంది. నియమం కదా అని రాస్తున్నానని తనకి తాను చెప్పుకునేది. నియమం కోసం రాసేవాళ్లు అంత గుండ్రంగా రాయరు.

ఇప్పుడు ఆ మనిషి ఊళ్లోకి వచ్చి కూర్చున్నాడు. అతని నాయనమ్మ పోయిన శీతాకాలంలో కన్నుమూసింది. అతను ఇల్లు అమ్మడానికి వచ్చాడని ఊరంతా అంటోంది.

"అమ్మేస్తున్నావట?" బుధవారం సాయంత్రం షెడ్డులో మ్యాపు పరుస్తూ, ఏదో మాటవరసకి అన్నట్టు అడిగింది.

"చూడాలి. మంగళవారం తిరిగి పెర్త్‌కి విమానం."

అంతే, నైరీకి సంగతి తేటతెల్లమైంది. చిన్ననాటి ముచ్చట ఒకటి మిగిలిపోయింది, అది తీర్చుకుని పోదామని వచ్చాడు. పోనీ, తీరుస్తుంది. కానీ ఆ పేజీ మాత్రం అతని కంట పడకూడదు. తనని తల్చుకుంటూ పన్నెండేళ్లు కూర్చుందని జాలిపడి, ఆ జాలి మూట కట్టుకుని విమానం ఎక్కితే ఆమె భరించలేదు. పుస్తకాన్ని లైఫ్ జాకెట్ల గుట్ట కిందికి తోసింది.

"బయల్దేరేది ఆరింటికి" అంది కరుగ్గా. "పదకొండు దాటితే వాయవ్య గాలి లేస్తుంది."

"పన్నెండేళ్లలో గాలి టైము మారలేదా?"

"ఇక్కడ మనుషులే మారతారు, గాలి మారదు."

ఆ చురక అతనికి తగిలింది. మాట మార్చాడు. "తిండి? చీజ్ రోల్స్ చేస్తావుగా? నాయనమ్మ చెప్పినట్టు, ఉల్లిపాయ ఎక్కువేసి."

"గుర్తుందా?"

"పెర్త్‌లో ఎవర్నడిగినా అదేంటంటారు. పన్నెండేళ్లుగా ఆకలితో ఉన్నాను."

"చూస్తే అలా ఏం లేవులే. ఫ్లాస్కు ఒకటి చాలా?"

"రెండు. ఒకటి నువ్వొక్కదానివే తాగేస్తావు."

"బూట్లు టెంట్ బయట పెట్టకు. దీవిలో వెకా పిట్టలు ఏది కనబడితే అది ఎత్తుకుపోతాయి."

"నా దగ్గర ఎత్తుకుపోవడానికేముంది?"

"బుద్ధి ఎటూ లేదు, బూట్లయినా మిగలాలిగా."

"సరే, టెంట్ ఎంత పెద్దది కావాలి?"

"రెండు టెంట్లు" అని మూలనుంచి వినబడింది. తెడ్డుకి నున్నగా నూనె రాస్తూ తాత తలెత్తకుండానే అన్నాడు. "నాకు చెవులు మందగించాయి గానీ లెక్కలు మందగించలేదు."

ఇద్దరూ మ్యాపులోకి తలలు దూర్చారు. రెండు తలలూ ఢీకొన్నాయి. ఆ బొప్పి మీదే.

గురువారం నైరీ ఊళ్లోకెళ్లి కొత్త నోటుబుక్కు కొనుక్కొచ్చింది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెందుకే పిల్లా? పాతదాంట్లో ఇంకా నలభై పేజీలున్నాయి."

"అది... తడిసింది తాతా."

"తడవడానికి అది ఎప్పుడైనా నీళ్లలోకి దిగిందా?" అన్నాడాయన. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నైరీ చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం గాలి బాగా లేచింది. షెడ్డు వెనక గుట్ట మీద ఎర్ర జెండా ఎగిరింది. జెండా ఉన్నంతసేపూ ఎవరూ నీళ్లలో దిగకూడదు, గాలి పడ్డాక దించాలి. సాయంత్రానికి నీళ్లు నెమ్మదించాయి. నైరీ వెళ్లి జెండా దించి వచ్చేసరికి ఫెర్గస్ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. అతని ముందు తెరిచిన పుస్తకం ఉంది. మొదటి పేజీ.

"తాత ఇచ్చారు" అన్నాడు మెల్లగా. "రాయమన్నారు. అప్పటికే రాసి ఉంది."

తాత కోసం చూసింది. ఆయన ఎప్పుడో జారుకున్నాడు.

"ఇది నీ రాత."

"తాతకి చెయ్యి వణుకుతుంది. నియమం కాబట్టి ఎక్కించాను. నువ్వేదో ఊహించుకోకు."

"నైరీ..."

"జాలి పడ్డావంటే తెడ్డుతో కొడతాను!" ఆమె గొంతు పెద్దదైంది. "రాసింది నేనే, ఏం? ఆ రోజు ఆరింటికి రెండు కయాక్‌లూ నీళ్లలో పెట్టి, రేవులో కూర్చున్నదీ నేనే. పదకొండు దాకా! పిలుపు లేదు, పలుకు లేదు. రాని మనిషివి నువ్వు!"

ఫెర్గస్ ఆమెను వింతగా చూశాడు. "ఎలా వస్తాను? జెండా ఎగురుతుంటే?"

"ఏ జెండా? ఆ రోజు గాలి ఊసే లేదు. సరస్సు పళ్లెంలో నీళ్లలా ఉంది."

"నీళ్లు నాకూ కనబడ్డాయి. జెండా కూడా కనబడింది. మా వరండాలోంచి మీ రేవు కనబడదు గానీ, గుట్టని బైనాక్యులర్స్‌తో పొద్దున్నే ఐదింటి నుంచీ చూస్తూనే ఉన్నా. భుజాన సంచి దించకుండా నిలబడ్డాను. జెండా ఉండగా నీళ్లలో దిగితే తాత జన్మలో క్షమించరు. మధ్యాహ్నం అది దిగాక పరిగెత్తుకుంటూ సరస్సు చుట్టూ తిరిగి వచ్చాను. అప్పటికి నువ్వు లేవు. మీ అత్తతో కారెక్కి, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లకి వండిపెట్టడానికి వెళ్లిపోయావన్నారు. వారం దాకా రావన్నారు. దీవికన్నా అదే ముఖ్యమనుకున్నావు కాబోలు అనుకున్నా. ఆ గురువారమే నన్ను నాన్న పెర్త్‌కి తీసుకెళ్లిపోయాడు."

"జెండా లేదు."

"ఉంది."

"లేదంటే లేదు! ముందురోజు మధ్యాహ్నం గాలికి ఎగరేశాం. సాయంత్రం గాలి పడగానే దించేది నేనే. అది నా పని. ఆ సాయంత్రం నేను చీజ్ రోల్స్..."

నైరీ ఆగిపోయింది.

ఆ సాయంత్రం చేతులనిండా వెన్న. ట్రేలో ఇరవై నాలుగు రోల్స్. అవి అయ్యాక సంచి సర్దుకుంది, విప్పి మళ్లీ సర్దుకుంది. సంతోషం పట్టలేక తొమ్మిదింటికే దుప్పటి ముసుగేసుకుంది. గుట్ట ఎక్కిన గుర్తు లేదు. రేవులో కూర్చుంటే షెడ్డు అడ్డం, గుట్ట కనబడదు. వారం తర్వాత ఇంటికొస్తే తాత "ఆ కుర్రాడు వచ్చి వెళ్లాడే" అన్నాడు. "అతని పేరు నా దగ్గర ఎత్తొద్దు" అంది తను. తాత మళ్లీ ఎత్తలేదు. పుస్తకంలోకి ఎక్కించాడంతే.

పన్నెండేళ్ల కోపం. దానికి కారణం తనే.

"నేను దించలేదు" అంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఫెర్గస్, నేనే మర్చిపోయాను."

అతను పుస్తకం మీదికి వంగాడు. తర్వాత భుజాలు కదులుతుంటే, ఏడుస్తున్నాడేమోనని నైరీ భయపడింది. నవ్వుతున్నాడు.

"మరి ఆ రోల్సన్నీ ఏం చేశావ్?"

"గొర్రెల వాళ్లు తిన్నారు" అంది ఏడుస్తూనే.

శనివారం ఇంకా వెలుగు రాకముందే నైరీ గుట్ట ఎక్కింది. కర్రకి జెండా లేదని తెలిసినా, మరోసారి చూడకుండా ఉండలేకపోయింది. అక్కడ అప్పటికే ఒక మనిషి సంచి తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వేంటిక్కడ?"

"ఈసారి దూరం నుంచి చూసే పని పెట్టుకోలేదు" అన్నాడు ఫెర్గస్.

దీవిలో అన్నీ జాబితా ప్రకారమే జరిగాయి. జాబితాలో లేనివి రెండే. రాత్రి సన్నటి వాన పడింది. పొద్దున వాన తెరిపివ్వగానే ఒక వెకా పిట్ట వచ్చి, అతని ఎడమ బూటు, ఆ రెండు ముడులది, తాడు పట్టుకుని ఈడ్చుకుపోయింది. ఫెర్గస్ ఒంటికాలి మీద దాని వెనక గెంతుతుంటే నైరీ కడుపు పట్టుకుని నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తులేదు. బూటు దొరకలేదు.

ఓడిపోయి వచ్చి పక్కన కూలబడి, ఆయాసపడుతూనే అన్నాడు. "ఇల్లు అమ్మడానికి రాలేదు నైరీ. నువ్వున్నావో లేదో చూద్దామని వచ్చాను. ఉన్నావు. మిగతాదంతా నీ ఇష్టం."

నైరీ రెండో ఫ్లాస్కులో మిగిలిన టీ మొత్తం అతని కప్పులోనే పోసింది. తనకంటూ చుక్క ఉంచుకోలేదు.

ఆదివారం సాయంత్రం రేవులో తాత పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఎదురొచ్చాడు.

"పన్నెండేళ్లు ఆలస్యం. ఫోన్ చేసి తిడదామంటే నంబరు మార్చావాయె" అన్నాడు ఫెర్గస్‌తో. "రెండో బూటేది?"

"దీవిలో ఉంది తాతా. అదింకా రాలేదు."

"జెండా సంగతి నీకు ముందే తెలుసా తాతా?" నైరీ నిలదీసింది. "మరి నాకు చెప్పలేదేం?"

"ఆ మధ్యాహ్నం దించింది నేనేగా. పేరెత్తొద్దంటివి. నీ కోపానికి భయపడి నేనే పుస్తకం చాటున దాక్కున్నాను."

నైరీ తన పేరు కొట్టేసింది. పెన్సిలు ఫెర్గస్ అందుకున్నాడు. అతనూ తన పేరు మీద గీత గీశాడు. వచ్చే జనవరికి ఎక్కించడానికి ఇక ఏమీ మిగల్లేదు. నైరీ పుస్తకం మూయబోయింది.

అతను పెన్సిలు ఇంకా ఇవ్వలేదు. పేజీలు తిప్పి, ఖాళీగా ఉన్న వరుస చూసి రాశాడు. "ఫెర్గస్. పెర్త్. వెళ్లేది మంగళవారం, సామాను తెచ్చుకోవడానికి. రాక: శుక్రవారం సాయంత్రం."

"రాగానే నీ చేత్తోనే కొట్టెయ్యాలి" అన్నాడు తాత గంభీరంగా.

"అలాగే తాతా. ఇకనుంచి రోజూ జెండా దించే పని కూడా నాదే." నైరీ వైపు తిరిగాడు. "ఈ మూడు రోజులూ మాత్రం నువ్వు దించాలి. మర్చిపోకు సుమా."

"పోరా" అంది నైరీ, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

మంగళ, బుధ, గురువారాలు గాలి పూర్తిగా పడకముందే ఆమె గుట్ట ఎక్కి కూర్చుంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆ పేరు మీద గీత పడింది. గీసినవాడి కాళ్లకి కొత్త బూట్లున్నాయి. ఎడమ దానికి రెండు ముడులు.