ఆరుగురికి ఒక సూట్

"నాలుగో అంతస్తులో గది తీసుకుంటే కిటికీలోంచి పెద్ద చక్రం కనిపిస్తుందండీ. పిల్లలు పొద్దున్నే లేచి చూస్తూ కూర్చోవచ్చు," అందామె. రోజూ చెప్పే మాటే. రోజూ నవ్వే నవ్వే.

"కనిపించదు," అన్నాడతను.

"ఏమిటి?"

"పెద్ద చక్రం. నాలుగో అంతస్తు నుంచి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది."

ఏడేళ్లుగా ఆ ట్రావెల్ ఆఫీసు కౌంటర్ వెనక కూర్చుంటోంది. ఇంతవరకు ఆమె మాటకు ఎవరూ ఇలా అడ్డు చెప్పలేదు. బయట వాన దంచి కొడుతోంది. అతని జుట్టులోంచి నీటి బొట్లు జారి, బల్ల మీది కరపత్రంలో సరిగ్గా రిసార్ట్ ఈతకొలను బొమ్మ మీద పడుతున్నాయి.

"అంత కచ్చితంగా మీకెలా తెలుసు?"

"అక్కడ లిఫ్టులు నేనే రిపేరు చేస్తాను. వినోదాల పార్కులోని ఆ రిసార్ట్‌లోనూ, పావుగంట నడకలో ఉన్న సూట్ హోటల్లోనూ."

"అన్నీ తెలిసినవారు మరి నన్నడగడం దేనికి?"

"నాకు తెలిసినవి లిఫ్టు గోతులు మేడమ్. గదిలోకి వెళ్లే పని నాకెప్పుడూ పడలేదు." కరపత్రం మీది తడి తుడిచాడు. "మీరు వెళ్లారా?"

పక్క బల్ల దగ్గర విమానం టికెట్లు చూసే పిన్నిగారు తలెత్తారు. ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నిగారే.

"లేదు," అందామె.

రోజుకు పది కుటుంబాలను పంపుతుంది. తను మాత్రం వెళ్లలేదు. ఆ పార్కులో ఎక్కి తిరిగే ప్రతి బండిలోనూ సీట్లు జంటలుగా ఉంటాయి. చెల్లెలు ఉన్నప్పుడు వచ్చే సెలవులకు వెళదామని అనుకుంటూనే మూడు సెలవులు గడిచిపోయాయి. నాలుగో సెలవులకు చెల్లెలు లేదు. జ్వరమన్నారు, నాలుగు రోజులు.

చెల్లెలు సాయంత్రం షిఫ్టు చేసి ఎనిమిదింటికి ఇంటికొచ్చేది. చెల్లెలు పోయి రెండేళ్లయినా ఆమె ఎనిమిది దాటేదాకా తలుపు గడియ పెట్టదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా ఆ ఇంట్లో లేరు.

*

అతను తన అక్క కుటుంబాన్ని తీసుకెళ్లాలనుకుంటున్నాడు. అక్క, బావ, ఇద్దరు మేనకోడళ్లు, తను. తల్లి పోయాక అక్కే అతన్ని పెంచింది. ఆవిడ ఇన్నేళ్లలో ఒక్కసారీ ఊరు దాటి సరదాకి వెళ్లలేదట.

ఆమె పని చేసే పద్ధతి ఒకటుంది. గది ఖాయం చేసేముందు తెల్లకాగితం మీద గదులు గీసి, ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఎవరు ఎన్నింటికి లేస్తారో అడిగి, చిన్న చిన్న మంచాలు వేస్తుంది. పిన్నిగారు దాన్ని "బొమ్మరిల్లు" అంటారు.

"రిసార్ట్ అయితే అందరికీ ఒకటే గది," అని గీసింది. "కానీ పార్కు గేటు గుమ్మంలోనే ఉంటుంది. బయటివాళ్లకంటే గంట ముందే లోపలికి పంపిస్తారు. సూట్ అయితే హాలు, రెండు పడగ్గదులు, చిన్న వంటిల్లు. పార్కుకి వాళ్ల బస్సు ఉంటుంది."

"రిసార్టే రాయండి. పిల్లలు ఎగిరి గంతేస్తారు."

"మీ బావగారు గురక పెడతారా?"

అతను ఆలోచనలో పడ్డాడు. "మా వీధిలో కుక్కలు మొరగడం మానేశాయి మేడమ్, ఆయన ముందు మేమెంత అని."

ఆమెకు నవ్వొచ్చింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. కలం కింద పెట్టి, "అయితే ఇంటికెళ్లి మీ అక్కగారిని అడిగి రండి. అందరూ పిల్లల్ని అడుగుతారు, ఆవిణ్ణి ఎవరూ అడిగి ఉండరు," అంది.

రెండు రోజుల తర్వాత వచ్చాడు.

"సూట్ అన్నాను. వంటిల్లు ఉందని చెప్పాను. అంతే, 'అయితే నేను రాను' అంది."

"ఎందుకని?"

"అంత దూరం వచ్చి కూడా పొయ్యి దగ్గరే నిలబెడతావా అని. ఆ వంటింటికి తాళం వేయిస్తారా?"

"తాళం ఎందుకండీ! పొద్దుటి ఫలహారం హోటల్‌వాళ్లే పెడతారు. ఆవిణ్ణి వంటింట్లోకి పంపనని మీ బావగారి చేత ఒట్టు వేయించండి. ఆయన కాఫీ అడగకపోతే చాలు."

ఆ తర్వాత బండ్లెక్కడానికి పిల్లల ఎత్తు సరిపోతుందా అని వచ్చాడు. బస్సు ఎన్నింటికని వచ్చాడు. ఒకసారి ఏ అనుమానమూ లేకుండానే వచ్చి, వాన తగ్గేదాకా నిలబడ్డాడు. ఆరోజు వాన లేదు.

"లిఫ్టు గోతిలో పని ఎలా ఉంటుంది?" అని అడిగిందామె.

"చీకటిగా ఉంటుంది. ఏదైనా అంటే మన మాటే తిరిగి మనకు వినిపిస్తుంది. మొదట్లో బాగుండేది. తర్వాత మాట్లాడటం మానేశాను."

 అలాంటి గది ఒకటి తనకూ ఉందని ఆమెకు చెప్పాలనిపించింది. కౌంటర్ మీద చెప్పే మాట కాదనుకుంది.

అతను వెళ్లాక పిన్నిగారు అన్నారు: "ఇంత ఆలోచించి పెళ్లిళ్లు కూడా చేసుకోరమ్మా జనం."

చివరికి సూట్ ఖాయమైంది. పెద్ద గది అక్కకీ బావకీ, రెండోది పిల్లలకి, హాల్లో సోఫా అతనికి. ఆమె కాగితాలు అచ్చు తీసి, బొమ్మతో సహా కవర్లో పెట్టి ఇచ్చింది. ఇక అతను రావడానికి కారణమేదీ మిగల్లేదు. ఆ సాయంత్రం బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంది. ఇంటికి చేరేదాకా అలాగే ఉంది.

*

మర్నాడు ఆఫీసు తెరవగానే వచ్చాడు.

"చిన్న అనుమానం. ఇందులో ఆరుగురు అని ఉంది."

ఆమె వంగి అతని చేతిలోని కాగితం చూసింది. ఆరు. బొమ్మ చూసింది. పిల్లల గదిలో రెండు మంచాలు, కిటికీ వారగా ఇంకొకటి. దాని మీద పేరు రాయలేదు. దాని పక్కన మాత్రం, 'ఆరున్నరకు లేస్తుంది' అని తన దస్తూరీలోనే ఉంది.

ఆరున్నరకు లేచేది తనే.

చెవులు వేడెక్కాయి. "సిస్టమ్‌లో ఏదో పొరపాటు…"

"సిస్టమ్ పాపం దానంతటది ఏమీ చెయ్యదు," అన్నారు పిన్నిగారు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"ఇలా ఇవ్వండి, దిద్దేస్తాను. తప్పు నాదే."

అతను బొమ్మ ఉన్న కాగితం ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడే దిద్దకండి," అని వెళ్లిపోయాడు.

మూడు రోజులు రాలేదు. ఆమె ఆ మూడు రోజులూ ఎవరికీ బొమ్మ గియ్యలేదు. తనవాళ్లు కానివాళ్ల ఇంట్లో తన మంచం తనే వేసుకున్నదాన్ని చూసి వాళ్లు నవ్వుకుని ఉంటారు. జాలిపడి ఉంటే ఇంకా ఘోరం.

*

నాలుగోరోజు మధ్యాహ్నం వానలో ఒకావిడ వచ్చి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. చేతిలో అదే కాగితం, మడతల దగ్గర నలిగిపోయి ఉంది.

"నేను వాడి అక్కని. అన్నం ముందు కూర్చుని దీన్నే చూస్తున్నాడు. దిద్దించుకు రారా అంటే దిద్దించడు. పోనీ అడిగి రారా అంటే అడగడు. ఎన్ని లిఫ్టులనైనా పైకెక్కిస్తాడు గానీ, మాటని గొంతు దాకా ఎక్కించలేడు. ఇప్పుడు చెప్పమ్మా, ఈ ఆరో మంచం పొరపాటేనా?"

అవును అనేస్తే సరిపోతుంది. ఒక్క మాటతో పరువు దక్కుతుంది. ఆమె తెర వైపు చూసింది, తర్వాత ఆవిడ వైపు చూసింది.

"కాదండీ. నాకు తెలియకుండానే వేసుకున్నాను. మీ ఇంటి కబుర్లు వింటూ, వింటూ…" కలం పక్కన పెట్టింది. "నాకో చెల్లెలుండేది. ఇప్పుడు లేదు. మనుషుల్ని లెక్కపెట్టడం మరిచిపోయినట్టున్నాను."

 అక్క కాగితాన్ని బల్ల మీద పరిచి, మడతలు అరచేత్తో సాపు చేసింది.

"మా పిల్లలు ఆరున్నరకి లేవరు. లేపగలవా?"

ఆమె తల ఊపింది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"మా ఆయన గురక అన్ని గదులకీ వినిపిస్తుంది. తర్వాత నన్ననకు. సరే, నీ పేరు ఎక్కించు."

ఆమె పేరు టైపు చేసింది. కింద 'బంధుత్వం' అని ఇంకో గడి తెరుచుకుంది. చేతులు ఆగిపోయాయి.

"ఏమంటోందది?" అని తొంగి చూసింది అక్క. తర్వాత అద్దాల తలుపు వైపు తిరిగింది. "ఒరేయ్! గోడ చాటున తడిసింది చాలు, లోపలికి రా. ఈ అమ్మాయి నీకేమవుతుందో కంప్యూటర్ అడుగుతోంది."

అతను లోపలికి వచ్చి గుమ్మంలో కాళ్ల పట్టా మీద నిలబడ్డాడు. అక్కని చూశాడు, నేలని చూశాడు, ఆఖరికి ఆమెని చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఇది… తర్వాత మార్చుకోవచ్చా?"

"బయల్దేరే ముందురోజు దాకా మార్చుకోవచ్చు," అంది నెమ్మదిగా.

"అయితే ఇప్పటికి స్నేహితురాలు అని రాయండి. ముందురోజు లోపల నేనొచ్చి మార్పిస్తాను." ఒక్క ఊపిరిలో అనేశాడు. "మీకు ఇష్టమైతేనే."

ఆమె 'స్నేహితురాలు' అని టైపు చేసి, ఒకసారి చదువుకుని, మీట నొక్కింది.

"ఒంటరిగా వస్తే కుదరదు," అంది. "ఆ మార్పుకి ఇద్దరి సంతకాలూ కావాలి."

అలాంటి నియమం ఆ ఆఫీసులో ఎక్కడా లేదు. పిన్నిగారికి ఆ సంగతి తెలుసు. ఆవిడ మాట్లాడకుండా టికెట్లు చూసుకోసాగారు.