మబ్బుమేక ఇల్లు చేరిన రోజు

మబ్బుమేక మూడోసారి కూడా అమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి మధ్యలో ఏకంగా సముద్రమే లేచింది.

తేలుదివి బడిలో పిల్లలంతా ఉసూరుమన్నారు. నీళ్లమీద తేలే ఆ ఊళ్లో పిల్లలందరి భుజాల మీదా కతలచిలకలుంటాయి, కథలు చెప్పే మరచిలకలు. చేతికి కట్టిన నాడిపట్టీ గుండె చప్పుడును చిలక్కి చేరవేస్తుంది. గుండె ఎటు ఉరికితే కథ అటు నడుస్తుంది. అమ్మను వెతుక్కుంటూ, దారిలో మబ్బులు మేస్తూ ఎగిరే మేకపిల్ల కథ అలా ఆరేళ్లుగా సాగుతోంది. ఆమధ్య చందమామకు పన్ను సలిపితే మీసాల కప్ప వచ్చి పీకిపోయింది కూడా.

ఇవాళ ఆఖరి భాగం. రేపు ఆ పిల్లల్లో తరళ పెద్దబడికి వెళ్లిపోతుంది. అక్కడికి చిలకల్ని రానివ్వరు. మేకను నడిదారిలో వదిలేసి ఎలా వెళ్లడమని ఆ పిల్ల దిగులు.

చిలకల్ని తయారుచేసిన సుభగ వచ్చి చూసి తల పట్టుకుంది. వెనకటికి వినేవాళ్లు ఊ కొడుతున్నంతసేపూ కథ సాగేది. ఆ మర్యాదే చిలక్కి నేర్పి, ఊకి బదులు గుండె చప్పుడు పెట్టిందామె. తీరా ముగింపు దగ్గరయ్యేసరికి పిల్లల గుండెలు దడదడలాడుతున్నాయి. ఇంకా కావాలంటున్నారు కాబోలనుకుని చిలక మరో అడ్డం తెచ్చిపెడుతోంది.

"పట్టీ తీసేస్తేనో?" అంది తరళ.

"కథ ఉన్నచోటే ఆగిపోతుందమ్మా."

పక్కనే ఉన్న తరళ తాత నాంచారయ్య గొంతు సవరించుకున్నాడు. ఊ కొట్టకపోతే తన నాయనమ్మ కథలో పులిని అన్నంకుండలో వదిలేసి నిద్రపోయేదట. పొద్దున్నే ఆ అన్నం తింటుంటే పంటికి మీసాలు తగిలాయట. పిల్లలు పడీపడీ నవ్వారు. మేక సంగతి మాత్రం ఆయనకీ పాలుపోలేదు.

తరళ నవ్వలేదు. పట్టీ విప్పి చిలక మెడకే కట్టింది.

"నువ్వు విను. నేను చెప్తా."

కథ చెప్పడం ఆ పిల్లకి అదే మొదలు. "మేక ఒడ్డున కూర్చుంది. దాహమేసింది. సముద్రాన్ని తాగేసింది."

చిలక తల పక్కకి వంచింది. తర్వాత సన్నగా, "ఊ" అంది.

సుభగ ఉలిక్కిపడింది. అది ఆమె నేర్పింది కాదు. చిలక్కి వినిపించిన పాత కథల్లో ఎవరెవరో కొట్టిన ఊ అది.

తరళకి ధైర్యం వచ్చింది. "అమ్మ తలుపు తీసి, ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగావే అంది. చెబుదామని మేక నోరు తెరిచింది. తిన్న మబ్బులన్నీ బయటికొచ్చి ఒకటే వాన. ముందు లోపలికి రావే అని అమ్మ దాని తల తుడిచింది."

"ఊ. తర్వాత?"

"తర్వాతేం లేదు. అయిపోయింది."

ఆ సాయంత్రానికి ఊళ్లో పట్టీలన్నీ చిలకల మెడలకెక్కాయి. నాంచారయ్య తన పులి కథ చెప్పుకుందామంటే ఖాళీగా ఒక్క చిలకా దొరకలేదు.

మర్నాడు తరళ పెద్దబడి పడవెక్కింది. చిలక మీద బెంగ లేదా అని సుభగ అడిగింది.

"నాకెందుకు? బెంగంతా దానికే," అంది తరళ.

గట్టు మీంచి చిలక అరుస్తూనే ఉంది, "తర్వాత? తర్వాత?" అని.