అరిటాకు పొట్లంలో టెంపే

రాహేలు నిద్ర లేచి వంటింట్లోకి వచ్చేసరికి అక్కడ ఆమె చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పప్పు కుక్కర్లో ఉంది. వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేసి ఉన్నాయి. ఆడబిడ్డ సుజాత పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ, "నువ్వు పోయి కూచో రాహేలూ, కాఫీ తెచ్చిస్తా" అంది, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు.

రాహేలు హాల్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కువైట్‌లో ఇన్నేళ్ళు పరాయి వాళ్ళ ఇంట్లో పనిచేసింది. అక్కడ వంటగది మాత్రం తనదే. ఏ డబ్బాలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది. ఇక్కడ, జమ్మలమడుగులో, తన సొంత ఇంట్లో చక్కెర ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి.

కూతురు శ్వేత రెండో తరగతిలో ఉండగా ఆమె విమానం ఎక్కింది. భర్త జయపాల్ బస్సు డ్రైవరు. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. బిడ్డను చూసుకోవడానికి పెళ్ళి చేసుకోని అక్క సుజాత వచ్చి ఈ ఇంట్లో ఉండిపోయింది. ఊళ్ళోనే చిన్న బడిలో టీచరు. శ్వేతకు జ్వరం వచ్చినా, పరీక్షలు వచ్చినా, ఈడేరినా పక్కన ఉన్నది సుజాతే. ఇప్పుడు శ్వేత రోజూ బస్సులో పోయివస్తూ ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. మొన్న ఎండాకాలంలో రాహేలు ఇక వెళ్ళనని తిరిగొచ్చాక, తల్లీకూతుళ్ళ మధ్య మాటలు "తిన్నావా", "తిన్నా" దగ్గర ఆగిపోయేవి.

ఆ తినడమే ఇంట్లో పెద్ద బెంగ అయింది. ఒక క్రిస్మస్‌కు శ్వేత తన చేత్తో మేపిన పొట్టేలును కోశారు. ఆ రోజునుంచి ఆ పిల్ల మాంసం ముట్టలేదు. గుడ్డు వాసన కూడా పడదు. దసరా సెలవులకు ముందు కాలేజీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చూపించారు. రక్తం తక్కువ ఉందని డాక్టరమ్మ మందులు రాసి, తిండిలో ప్రొటీన్ కూడా చాలడం లేదని గట్టిగా చెప్పింది. సుజాత వేరుశనక్కాయలు ఉడకబెట్టింది, పప్పు చిక్కగా చేసింది, ఖరీదైన పొడి డబ్బా కొని పాలల్లో కలిపింది. శ్వేత రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేది. ఏం చేసి పెట్టమంటావని రాహేలు ఒకసారి అడిగితే, అత్త చేస్తుందిలే అని పుస్తకంలోనుంచి తల ఎత్తకుండా జవాబిచ్చింది.

అప్పుడు రాహేలుకు వాతి గుర్తొచ్చింది.

వాతి ఇండోనేషియా మనిషి. కువైట్‌లో అదే ఇంట్లో పని, ఇద్దరిదీ ఒకటే గది. వెళ్ళిన కొత్తలో రాహేలుకు ముద్ద దిగేది కాదు. కంచం ముందు కూర్చుంటే బిడ్డ మొహం కనబడేది. అది చూసి వాతి ఒకరోజు తమ దేశపు కొట్లో కొనుక్కొచ్చిన తెల్లటి గింజల ముద్దను ముక్కలు కోసి, వెల్లుల్లి, ధనియాలు, ఉప్పు నూరి పట్టించి, నూనెలో ఎర్రగా వేయించి పళ్ళెం ముందుకు జరిపింది. దాని పేరు టెంపే అని, సోయా గింజలతో చేస్తారని, తమ ఊళ్ళో మాంసం కొనలేని వాళ్ళకు అదే బలమని వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా, పుట్టగొడుగుల కమ్మదనంతో ఉన్న ఆ ముక్క రాహేలు ఆ దేశంలో ఇష్టంగా తిన్న మొదటి తిండి.

అది శ్వేతకు పెట్టాలనుకుంది. ఫోనులో వెతికితే బెంగళూరులో అమ్మేవాళ్ళు కనబడ్డారు. తెప్పించుకుంటే పెట్టె ప్రొద్దుటూరు కొరియర్ ఆఫీసు దాకా వచ్చింది. బస్సెక్కి వెళ్ళి తీసుకునేసరికి పెట్టెలోని ఐసు నీళ్ళయిపోయింది. లోపలి పొట్లాలు జిగటగా, ముక్కుకు ఘాటుగా తగిలాయి. అవి పాడైపోయాయని రాహేలుకు తెలుసు. బస్టాండు దగ్గర చెత్తకుండీలో వేసి, గింజలు కొని తనే చేద్దామని ధాన్యం అంగళ్ళ వీధికి వెళ్ళింది. సోయా అనగానే అంగడాయన మీల్‌మేకర్ పొట్లం తీశాడు. గింజలు ఈ పక్క ఎవరూ అడగరన్నాడు.

ఆ సాయంత్రం వాతికి ఫోను చేస్తే నవ్వింది. ఏ పప్పు అయినా సరిపోతుంది, కావలసిందల్లా 'రాగి' అంది. మొదటిసారి విన్నప్పుడు రాహేలు సంగటి చేసే రాగులనుకుని మోసపోయిన మాట అది. వాళ్ళ భాషలో రాగి అంటే తోడు. పాలకు తోడు వేసినట్టు ఉడికిన గింజలకు వేసే పొడి. పొడికి ఐసు అక్కర్లేదు కాబట్టి అది బెంగళూరునుంచి భద్రంగా వచ్చింది. శనగలు పండే ఊళ్ళో శనగపప్పుకు కరువా అని జయపాల్ అన్నాడు. పులివెందుల నుంచి బస్సు తెచ్చేటప్పుడు అరటితోటల వాళ్ళనడిగి ఆకులు తెచ్చిపెట్టాడు. ఇంట్లో ఆమె పక్షాన ఎవరైనా చేసింది అదొక్కటే.

ఆదివారం అందరూ చర్చికి వెళ్ళినప్పుడు తలనొప్పి అని చెప్పి రాహేలు ఉండిపోయింది. నానిన శనగపప్పును పలుకుగా ఉడికించి, తడి లేకుండా గుడ్డ మీద ఆరబెట్టి, చల్లారాక కాస్త వెనిగర్, ఆ పొడి కలిపింది. అరిటాకుల్లో పొట్లాలు కట్టి ఫ్రిజ్ పైన పెట్టి గుడ్డ కప్పింది. కూతురికి చూపించేదాకా జయపాల్‌కు తప్ప ఇంకెవరికీ తెలియకూడదనుకుంది.

మరుసటి రోజు సాయంత్రం దండెం మీద బట్టలు తీసుకుని లోపలికి వచ్చేసరికి పొట్లాలు లేవు. సుజాత చీపురుతో ఫ్రిజ్ పైన తుడుస్తోంది.

"ఈడ పెట్టిన పొట్లాలు యాడ వదినా?"

"అదేందో పప్పు బూజు పట్టిపోయింటే కాలవ కాడ పారేసినా. తెల్లగా దూది మాదిరి అల్లుకోనుండాది. ఎలుకలొస్తాయి."

రాహేలు బట్టలు కుర్చీలో పడేసింది. అది తను కావాలని చేసిందని, శ్వేత కోసం చేసిందని చెప్పింది. నన్నొక మాట అడిగివుండొచ్చు కదా అంది.

సుజాత చీపురు గోడకు ఆనించింది. "బిడ్డకు ఒంట్లో బాగలేదు. ఆ బిడ్డకు బూజు పెట్టాలనుకున్నావా? ఇన్నేండ్లు నేను కంటికి రెప్ప మాదిరి సాకినా. దానికేం పడుతుందో నాకు తెలుసు. నీకేం తెలుసు?"

"నాకేం తెలీదు వదినా. తెలుసుకుందామంటే నన్ను పొయ్యి కాడికి రానిస్తాండావా నువ్వు? నా బిడ్డకు ఒక్క ముద్ద నా చేత్తో పెట్టకూడదా?"

ప్రొద్దుటూరునుంచి అప్పుడే వచ్చిన శ్వేత గుమ్మంలో నిలబడి ఉంది. సంచీ భుజం మీదనుంచి దించలేదు. "నాకేమీ వద్దు. నా కోసం ఎవురూ కొట్లాడొద్దు" అని మాత్రం అని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

రాహేలు పెరట్లోకి వెళ్ళి బట్టలుతికే రాయి మీద కూర్చుంది. కాలవ గట్టున అరిటాకులు విచ్చుకుని పడి ఉన్నాయి. పప్పు ఒకదానికొకటి అల్లుకుని తెల్లగా ముద్దకట్టింది. సరిగ్గా కుదిరింది. దాన్ని చూసేసరికి ఏడుపు ఆగలేదు. కువైట్‌లో ఏడిస్తే ఊరు దూరమై ఏడుస్తున్నానని అనుకునేది. ఇప్పుడు ఏ ఊరు దూరమైందని ఏడవాలి?

చీకటి పడబోతుండగా సుజాత వచ్చి గడప మీద కూర్చుంది. ఆ బూజు మంచిదేనా అని అడిగింది. ఇడ్లీ పిండి పులిసినట్టే ఇదీ అని రాహేలు చెప్పింది. తెల్లగా ఉండి పుట్టగొడుగు వాసన వస్తే మంచిది, జిగటగా అయి ఘాటు కొడితే పారెయ్యాలి, పచ్చిది తినకూడదు, ఉడికించో వేయించో తినాలి.

"నాకు తెలీలేదు రాహేలూ" అంది సుజాత. తర్వాత కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది. "నువ్వొస్తాండావని తెలిసిన కాన్నుంచి నాకు నిద్ర ల్యా. బిడ్డ నీది, ఇల్లు నీది. ఆ పొయ్యి కూడా నీకిచ్చేస్తే నేను యాడికి పోవల్ల? అందుకే పట్టుకోని కూచున్నా."

రాహేలు తల తిప్పి ఆమెను చూసింది. జుట్టు ముందుభాగం తెల్లబడింది. ఈ మనిషికి కూడా పెట్టె సర్దుకోవాలనే భయం ఉంటుందని ఇన్ని నెలల్లో ఒక్కసారీ అనుకోలేదు. పరాయి ఇంట్లో తన చోటు ఏదో తెలియకుండా బతకడం ఎట్లా ఉంటుందో తనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? లేచి వెళ్ళి అదే గడప మీద, ఆమె పక్కన కూర్చుంది.

"యాడికీ పోవద్దు వదినా. నువ్వు పోతే ఆ బిడ్డ గురించి నాకు చెప్పేవాళ్ళెవురు?"

రెండోసారి పప్పు ఇద్దరూ కలిసి ఉడికించారు. మరీ మెత్తబడితే చెడుతుందని రాహేలు చెబితే సుజాత కుక్కర్ వద్దని గిన్నె పెట్టింది. పొట్లాలు కట్టిన మరునాడు సుజాత బడినుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గుడ్డ ఎత్తి చెయ్యి పెట్టి చూసి, ఇది కాలుతాంది అని కంగారుపడింది. ప్రాణం ఉన్నది కదా, పెరిగేటప్పుడు అట్లాగే వేడెక్కుతుందని రాహేలు చెప్పింది.

ఆదివారం చర్చినుంచి వచ్చాక పొట్లం విప్పారు. కత్తితో కోసినా పప్పు విడిపోలేదు. రాహేలు ముక్కలను కాసేపు ఆవిరిమీద ఉడికించి, వెల్లుల్లి, ధనియాలు, మిరప్పొడి, కాస్త చింతపండు గుజ్జు పట్టించి, వేరుశనగ నూనెలో వేయించింది. శ్వేత తలస్నానం చేసి తడి జుట్టుతోనే వచ్చి కూర్చుంది. ఒక ముక్క కొరికి, కాసేపు నమిలి, ఇంకొంచెం కారం పడాలి అంది. అని రెండోది తీసుకుంది. మూడోది కూడా.

రాహేలు వాతికి వీడియో కాల్ చేసింది. ఆ ఇంటి మేడమ్ ఇంకా లేవలేదట, వాతి వంటగదిలో పొయ్యి పక్కన నక్కి మాట్లాడుతోంది. పళ్ళెం చూసి చప్పట్లు కొట్టింది. శ్వేత మొహం తెరలో కనబడగానే వాతి నవ్వు ఆగిపోయింది. ఏదో గబగబా చెప్పడం మొదలుపెట్టింది.

"ఏమంటాంది?" అంది శ్వేత.

"బాగుందా అని అడుగుతాంది."

వాతి అడిగింది అది కాదు. రాహేలు తల వంచుకుంది. కానీ వాతి ఆగలేదు. ఫోను దేనికో ఆనించి, తలగుడ్డ తీసి, జుట్టును రెండు పాయలు చేసింది. రాహేలు వైపు వేలు చూపించి, రెండు జడలు అల్లుతున్నట్టు, వాటిని పైకి మడిచి రిబ్బను కట్టినట్టు చేతులతో చూపించింది. తర్వాత శ్వేత వైపు వేలు చూపి, అరచెయ్యి నేలకు కాస్త ఎత్తులో పట్టింది, చిన్నపిల్ల అన్నట్టు. చివరికి కళ్ళు తుడుచుకుంటున్నట్టు చూపబోయి నిజంగానే తుడుచుకుంది.

శ్వేత ఫోనునుంచి తల్లి వైపు తిరిగింది. "ఆమెకు జడలేసేదానివా?"

రాహేలు తల ఊపింది. "శుక్రవారం సెలవు. ఏమీ తోచేది కాదు. నీకు బడికి ఏసినట్లు ఏసేదాన్ని. ఎంత పెద్ద మనిషి, పాపం, కదలకుండా కూచునేది."

అవతల ఎవరో పిలిచినట్టున్నారు, వాతి చెయ్యి ఊపి ఫోను పెట్టేసింది. సుజాత లేచి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో కొబ్బరినూనె సీసా, దువ్వెన ఉన్నాయి. వాటిని రాహేలు ఒళ్ళో పెట్టి, ఖాళీ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి నడిచింది.

శ్వేత కుర్చీలోంచి దిగి తల్లి ముందు నేలమీద కూర్చుంది. "రెండు జడలే ఏయి" అంది.

రాహేలు నూనె రాసి పాయలు తీసింది. జుట్టు అప్పటికంటే ఎంతో పొడుగైంది, ఒత్తుగా ఉంది. కూతురి భుజాలు కదులుతుండడం చూసి, దువ్వెన ఆపి, ఆ తడి తలమీద తన చెంప ఆనించింది.