ఏం జనం?

యలహంక పాత ఊళ్లో, పోలీసు స్టేషనుకు పోయే సందు మలుపులో కూలిన రాతి గోడ ఒకటుంది. దొర కచేరి అంటారు. చీకటి పడితే ఆటోవాళ్లు కూడా ఆ సందులోకి రారు. దాని పక్కన బిరియానీ సెంటర్ పెట్టినాయన నెల తిరక్కుండానే మూసేశాడు. దెయ్యానికి జడిసో, బేరాల్లేకో మనకు తెలీదు.

విక్టోరియా రాణి కాలంలో అక్కడ తీర్పులు చెప్పిన దొర ఇంకా పోలేదట. దొంగతనం చేశావా అని అడిగేవాడే కాదట ఆయన. "ఏం జనం?" అనేవాడట, ఏ కులమని... అంతే. బంగళావాళ్ల అబ్బాయి గడియారం కాజేస్తే — చదువుకున్న పిల్లాడు, ఏదో పొరపాటు — అని వదిలేశాడు. అదే నేరం రాళ్లు కొట్టేవాడి మీద పడితే — పుట్టుదొంగ, వీడికి సాక్షులెందుకు — సముద్రం దాటించాడు. వాడు మళ్లీ ఇల్లు చూడలేదు.

సంధ్యదీ రాళ్లు కొట్టే జనమే. ఇంత ఊళ్లో అదెవరికి కావాలి? మొగుడు శ్రీనివాసులు అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. పొద్దున అక్కడి స్పందన మేడమ్ గొలుసు కనబళ్లేదు. మధ్యాహ్నానికి అతను లాకప్పులో ఉన్నాడు. చీకటి పడే వేళకి గొలుసు మేడమ్ జిమ్ బ్యాగులోనే దొరికింది.

"సో సారీ సంధ్యా. ఈ వాయిస్ మెసేజ్ స్టేషన్లో వినిపించు, వదిలేస్తారు" అంది మేడమ్.

సంధ్య నడిచే బయలుదేరింది. ఇంటి ఓనరు శాంతమ్మ గేటు దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"ఆ గోడ కాడ అది ఉండాది మే. పిలిస్తే పలకొద్దు. జనం అడిగితే అస్సలు చెప్పొద్దు. చెప్పినోళ్లని ఇడిసిపెట్టదు."

మలుపులో దీపం లేదు. సంధ్య ఫోను గుండెకు అదుముకుంది. వెనక చెప్పుల చప్పుడు... తను ఆగింది. చప్పుడూ ఆగింది. అప్పుడు గోడలోంచి, తీరిగ్గా —

"ఏం... జనం?"

సంధ్య పళ్లు బిగించింది.

"ఏం జనమమ్మా?" ఈసారి చెవి పక్కనే.

పలకలేదు. పరిగెత్తింది. స్టేషను ట్యూబులైటు కనబడ్డాకే ఊపిరి తీసుకుంది. గండం గడిచిందనుకుంది, పిచ్చిది.

శ్రీనివాసులు కటకటాల వెనక కూలబడి ఉన్నాడు. పెదవి చిట్లింది. సంధ్య మెసేజ్ వినిపించింది. బల్ల దగ్గర ఎస్సై సారు తలెత్తకుండా టీ తాగుతూ విన్నాడు.

"దొరికిందా? మంచిదే. తీసుకుపో."

కానిస్టేబులు వెళ్లి తాళం తీశాడు. సంధ్యకు సంతోషంతో ఏడుపొచ్చింది. రెండు చేతులెత్తి దండం పెట్టింది.

"అవునూ... ఏం జనమమ్మా మీరు?" అన్నాడు సారు, టీ గ్లాసులోకే చూస్తూ.

ఇంత వెలుతురు. నెత్తిన ఫ్యాను. గోడకు దేవుడి పటం. ఇక్కడ దెయ్యమేముంటుంది? పెద్దవాళ్లడిగితే బదులు చెప్పాలని అమ్మ నేర్పిన నోరది.

"రాళ్లు కొట్టే జనం సార్."

అన్నాకే తెలిసింది... ఆ గొంతు. ఆ తీరిక.

సారు మొదటిసారి తలెత్తాడు.

"మరి ముందే చెప్పొద్దా?"

గడప దాటబోతున్న శ్రీనివాసుల్ని కానిస్టేబులు రొమ్ము మీద చెయ్యేసి లోపలికి తోశాడు. తాళం మళ్లీ పడింది.

"ఈ గొలుసు దొరికింది సరే. అంతకుముందు పోయినవన్నీ ఎక్కడ పెట్టాడు?"