పక్క బోరు

గంగక్క కళ్ళారా చూసిందంట. చూసి చౌడమ్మతో చెప్పిందంట. చౌడమ్మ పాలకేంద్రం దగ్గర క్యాను దించేలోపల ఊరంతా తెలిసిపోయింది. తిమ్మక్క మనవడు శశికుమార్ బండి మీద ఎవరో చదువుకున్న పిల్ల పోతాండాదంట. ఇద్దరి మధ్యా ఒక ఇనప పెట్టె ఉండాదంట. పెట్టెలో ఉండేది కరెంటు మీటరంట. బోర్లకన్నిటికీ మీటర్లు బిగించేదానికే ఆ పిల్ల వచ్చిందంట, దారి చూపిస్తాండేది మన శశిగాడేనంట.

ఇందులో పిల్ల నిజం, పెట్టె నిజం, బండి నిజం. మీటరు మాత్రం గంగక్క సొంత కల్పన.

ఆ పిల్ల పేరు పద్మప్రియ. ధర్మవరంలో పట్టుచీరలు నేసే నారాయణ కూతురు. అనంతపురంలో ఇంజనీరింగు పీహెచ్‌డీ నాలుగో ఏడాది. పెట్టెను పట్టుకుని శింగనమల దగ్గరి ఈ పల్లెలో దిగిన మొదటిరోజే తిమ్మక్క అడిగింది.

"ఏం చదువు పాపా అది?"

"రోబస్ట్ కంట్రోల్, ఫాల్ట్ డిటెక్షన్ అవ్వా."

"అది మందు పేరా, రోగం పేరా?"

పద్మప్రియ నవ్వింది. "రోగం కనిపెట్టే చదువే అవ్వా. మనుషులకు కాదు, మిషన్లకు. మిషను దినమూ ఒకే తీరుగా ఉండదు కదా. కరెంటు ఎక్కువతక్కువ వస్తుంది, బోరులో నీళ్ళు దిగుతాయి. ఆ గోల ఎంతున్నా మోసపోకుండా, లోపల నిజంగా ఏదైనా చెడిందా అని ఈ పెట్టె చెప్పాలి."

"దానికి పెట్టెందుకు? మావోడు చెవితో చెప్తాడే!"

ఆ మావోడు అప్పటికే బోరు దగ్గర కూర్చుని ఉన్నాడు. మూరెడు స్క్రూడ్రైవరు కొనను కేసింగు పైపుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళ మోటార్లకు అతనే డాక్టరు.

"అన్నా, కొంచెం పక్కకు జరగన్నా, సెన్సారు పెట్టాలన్నా."

శశి ఒక కన్ను తెరిచాడు. "ఒక్క మాటలో మూడన్నలు. నా సొంత చెల్లెలు ఏడాదికి ఇన్నిసార్లు పిలవదు మేడమ్."

"ఆ స్క్రూడ్రైవరుతో ఏం చేస్తున్నావన్నా?"

"నాలుగు. మోటారు ఏమంటాందో వింటాండా."

"ఏమంటోంది?"

"ఎవురో కొత్తోళ్ళు వచ్చినారు, కొంచెం భయంగా ఉండాది అంటాంది."

పద్మప్రియ పెట్టె మూత ఠపీమని వేసింది. అక్కడ మొదలైంది.

మూడోరోజు పొద్దున ఆరుంబావుకు పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది. నాలుగోరోజూ అదే వేళకు వెలిగింది. పద్మప్రియ ల్యాప్‌టాప్‌లో గీతలు చూసి ఖాయం చేసుకుంది. "అడుగు బేరింగు అరిగింది. మోటారు పైకి ఎత్తాలి."

"మోటారు రాయి మాదిరి ఉండాది మేడమ్. నా చెవి చెప్తాంది."

"నీ చెవిని థీసిస్‌లో రాయలేనన్నా."

తిమ్మక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చదువు పక్కకే మొగ్గింది. బోరు బండి వచ్చింది. ఆరువందల అడుగుల పైపు, ఒక్కొక్కటే విప్పుతూ పైకి లాగేసరికి పొద్దు వాలింది. మోటారు చూస్తే నిన్న కొన్నట్టు మెరుస్తోంది. దించి నీళ్ళు పారించేలోపల రెండు సాళ్ళ టమాట వాడిపోయింది.

"బాగుండే మనిషి పొట్ట కోసి, బాగుండావులే అని కుట్టు వేసినట్లుండాది" అనిందంట గంగక్క. ఈ మాట కూడా చౌడమ్మ ద్వారానే వచ్చింది.

పద్మప్రియ పైపుల కుప్ప మీద కూర్చుంది. ఇరవై రోజుల్లో ముగ్గురు ప్రొఫెసర్లు వచ్చి, పెట్టె పొలంలో పనిచేస్తుందా లేదా అని స్వయంగా చూస్తారు. చేయకపోతే నాలుగేళ్ళ పని మూలకు పోతుంది. ల్యాబులో నూటికి నూరు సరిగ్గా చెప్పిన పెట్టె, ఈ ఎర్రమట్టిలో అబద్ధం చెప్పింది.

శశి స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చాడు. ఎగతాళి చేస్తాడనుకుంది. చేయలేదు.

"ఆ లైటు దినమూ ఏ టైముకు వెలుగుతాంది మేడమ్?"

"ఆరుంబావుకు."

"కరెంటు ఆరుకు కదా వచ్చేది. మీ రోగానికి పావుగంట ఆలస్యం యాల?"

పద్మప్రియ తలెత్తింది.

"బయ్యన్న ఆటో స్టార్టరుకు పావుగంట టైమరు పెట్టింది నేనే" అన్నాడు శశి, పక్క చేను చూపిస్తూ. "అన్ని మోటార్లూ ఒక్కసారి ఆన్ అయితే ట్రాన్స్‌ఫార్మరు ఎగిరిపోతాదని. మా బోరుకూ బయ్యన్న బోరుకూ లోపల ఒకటే జల. ఆయప్ప మోటారు ఆన్ అయిందంటే మా నీళ్ళు పది బారలు దిగుతాయి. పక్క బోరు సంగతి తెలీకుండా ఈ బోరుకు రోగం చెప్పేదానికి కాదు మేడమ్. నేను చెవి పెట్టేముందు బయ్యన్న చేను దిక్కు ఒకసారి చూస్తా. మీరది చూల్లేదు."

 ఆమె టీ గ్లాసు తిరిగి అతని చేతిలోనే పెట్టి, మట్టిలో పుల్లతో రెండు గీతలు గీసింది.

"నీళ్ళు దిగితే మోటారు తక్కువ నీళ్ళు తోడుతుంది, కరెంటూ తక్కువ తాగుతుంది. రెండూ కలిసి కిందికొస్తాయి."

"ఊఁ."

"బేరింగు అరిగితే?"

"నీళ్ళు తగ్గుతాయి, కరెంటు ఎక్కువ తాగుతాది. మూలుగుతాది గదా."

"అంతే! నీళ్ళు తగ్గాయా అని మాత్రమే చూశాను, అదీ నా తప్పు! పక్క బోరు ఎంత లాగుతుందో మనకు తెలియదు, తెలియనక్కర్లేదు. రెండూ కలిసి దిగితే పెట్టె పలకకూడదు. ఒకటి దిగి ఒకటి ఎక్కితేనే అరవాలి!"

"ఇంత సంతోషం మేడమ్, ఈ టీ తాగేదెవురు?"

ఆ రోజునుంచి పొద్దున లెక్కలు, మధ్యాహ్నం బండి. పెట్టె మధ్యలో, వాళ్ళు ముందూ వెనకా. బోరు బోరుకూ తిరిగి రీడింగులు రాసుకున్నారు. "ఊరంతా మన గురించే మాట్లాడుకుంటున్నారు" అందొకరోజు పద్మప్రియ. "పక్క బోరు మేడమ్, టైముకు ఆన్ అవుతాది" అన్నాడు శశి. "మన నీళ్ళు మనం చూసుకుందాం."

బండి అద్దంలో అతని కళ్ళు ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిచాయి. ఆమె చూపు తిప్పుకుంది. తిప్పుకుని మళ్ళీ అక్కడికే వచ్చింది.

వారం తర్వాత ఒక సాయంత్రం వాన వచ్చింది. అనంతపురం వాన కదా, హాజరు వేయించుకోవడానికి వచ్చినట్టు వచ్చి నాలుగు చినుకులు రాల్చింది. పద్మప్రియ పరుగున పోయి పెట్టె మీద ప్లాస్టిక్ పట్ట కప్పబోయింది. రెండో కొస అప్పటికే శశి చేతిలో ఉంది. పెట్టె పొడిగా ఉంది. వాళ్ళిద్దరూ తడిశారు.

"లోపలికి పోదామా?" అన్నాడు.

"రానీ... ఎన్నాళ్ళకు వచ్చింది" అందామె. వాన గురించే అంది.

ప్రొఫెసర్లు వచ్చిన రోజు ఊరు ఊరంతా చేలోకి దిగింది. గంగక్క పెండ్లికి వచ్చినట్టు పట్టుచీర కట్టుకొచ్చింది. ధర్మవరం బస్సులో నారాయణ వచ్చి, కూతురి పని మొదటిసారి చూడబోతూ ఒక పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు పెట్టెలు రెండు: ఒకటి తిమ్మక్క బోరుకు, ఒకటి బయ్యన్న బోరుకు.

బయ్యన్న మోటారు ఆన్ అయింది. తిమ్మక్క బోరులో నీళ్ళు దిగాయి. పెట్టె మీద పచ్చలైటు పచ్చగానే ఉంది. ప్రొఫెసర్లు కాగితాల మీద రాసుకున్నారు, తలలూపారు, చెప్పుల మట్టి దులుపుకుని కారు వైపు తిరిగారు.

అప్పుడు బయ్యన్న పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది.

పద్మప్రియ ఆ పెట్టె దగ్గరికి పరుగెత్తింది. ఒక్క స్విచ్చు నొక్కి ఆర్పేస్తే అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు మోటారు ఎత్తించాక అది బాగుంటే, అందరి ముందూ అంతా అయిపోయినట్టే. ల్యాప్‌టాప్ తెర చూసింది. నీళ్ళు రవ్వంత తగ్గాయి. కరెంటు రవ్వంత ఎక్కింది.

శశి స్క్రూడ్రైవరు ఆనించి చాలాసేపు విన్నాడు. లేచి మెల్లగా చెప్పాడు. "నా చెవికి ఏమీ వినపడలా."

"పెట్టె మాత్రం ఉందంటోంది."

"మీరేమంటారు?"

"ఉంది" అంది పద్మప్రియ.

"అయితే బోరు బండిని పిలుస్తాండా."

బయ్యన్న అడ్డం వచ్చాడు. "ఏమప్పా శశీ! తిమ్మక్క మోటారు ఎత్తి నవ్వులపాలయింది చాల్లేదా? నీళ్ళు ఆపితే ఎండిపోయే చీనీచెట్లు ఉండాయి నాకు ఈడ!"

"మోటారు బాగుంటే ఈ ఎనిమిది ఊళ్ళల్లో నేను మళ్ళా స్క్రూడ్రైవరు పట్టను బయ్యన్నా."

 పైపులు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ప్రొఫెసర్లు కారెక్కలేదు. 

శశి మోటారు అడుగు విప్పాడు. బేరింగు తీసి వాలుపొద్దుకేసి పట్టి చూశాడు. ఒక పక్క అరిగి అరిగి కాగితం మందాన మిగిలింది.

"బయ్యన్నా" అన్నాడు, మొహమంతా నవ్వై. "ఇంకో రెండురోజులు తిరిగింటే కాయిలు బూడిదే. ఈ చెవికి వినపడందాన్ని ఆ పెట్టె వినింది!"

ఊరు ఒక్కసారిగా కేకలు వేసింది. పెద్ద ప్రొఫెసరు చప్పట్లు కొట్టాడు. బయ్యన్న తువ్వాలు గాల్లోకి విసిరి, పెట్టెకు దండం పెట్టాడు.

పద్మప్రియ గబగబా వచ్చి ఆ బేరింగును అందుకుంది. "శశీ, నీకు పిచ్చా? బాగుంటే ఏం చేసేవాడివి శశీ?"

"పాపా" అంది తిమ్మక్క, అందరికీ వినపడేటట్టు. "వచ్చిన దినం మాటకు మూడన్నలు. ఆ వాన వచ్చినప్పట్నుంచీ ఒక్కటీ లేదు. నాకు పెట్టె లేకున్నా లైటు వెలుగుతాంది."

పద్మప్రియ మొహం టమాటపండైంది. శశి స్క్రూడ్రైవరు వంక చూస్తూ, "నాది ఇంకా ముందునుంచే అవ్వా" అన్నాడు.

నారాయణ ముందుకొచ్చాడు. బేరింగు తీసుకుని, పట్టు పోగును చూసినట్టు గోటితో అంచు తడిమాడు. "నీ చెవి మోటారు బాగుండాదనింది. మరి ఎందుకు ఎత్తించినావు నాయనా?"

"మీ పాప పెట్టె మొదట తప్పు చెప్పింది సార్. ఎందుకు తప్పయిందో కనుక్కునేదాంకా పాప నిద్రపోలా. తప్పును అట్ల ఎదురుగా చూసిన మనిషి, ఉండాది అంటే ఉండాదనే లెక్క."

నారాయణ కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. ఆయన బేరింగును శశి చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకున్నాడు. "ఆదివారం ధర్మవరం రా. మగ్గం ఒకటి కొత్తగా చప్పుడు చేస్తాంది, చెవి పెట్టి చూద్దువు. మీ అవ్వను కూడా పిలుచుకొని రా."

అందరూ నవ్వారు. వెనకనుంచి గంగక్క ఉండబట్టలేకపోయింది.

"ఏమప్పా, దున్నేటోళ్ళకూ నేసేటోళ్ళకూ ఏం పొత్తు కుదుర్తాది?"

తిమ్మక్క ఆమెను కాలిగోరునుంచి కొప్పుదాకా ఒకసారి చూసింది.

"నువ్వు కట్టుకోనొచ్చిన ఆ చీరను ఎవురు నేసినారే గంగక్కా?"