గోడ మీది చెమ్మ

తుమ్మలవాగు పిల్లలు వెలుగు రాకముందే బడికి చేరుకుంటారు. 2084 నాటి పల్నాడు ఎండలో పొద్దెక్కాక నడవడం పెద్దవాళ్లకే కష్టం. మళ్లీ పొద్దు వాలేదాకా పిల్లలు అక్కడే ఉంటారు. ఊళ్లో పగటిపూట చల్లగా ఉండే కట్టడం అదొక్కటే మరి.

ఆ చల్లదనం ఎరుకగోడలది. గోడ పూతలో వెంట్రుకంత సన్నని గొట్టాలుంటాయి, వాటిలో చల్లని ద్రవం పారుతుంది. పూతలోనే కలిసిపోయిన సెన్సర్లు గదిలో కూర్చున్న ప్రతి బిడ్డ ఒంటి వేడినీ కనిపెడుతుంటాయి. గది మొత్తాన్ని చల్లబరచడం దండగ కాబట్టి ఎవరి ఒళ్లు ఎక్కువ కాగుతోందో వాళ్ల వైపుకే గాలి మళ్లుతుంది. కప్పు మీది సోలార్ పలకల కరెంటులో బడి వాడగా మిగిలింది రాత్రి ఊరి ఇళ్లకు పోతుంది.

ఈ గోడను తయారుచేసిన విరజ ఒక అనుమానంతో తుమ్మలవాగు వచ్చింది. మిగతా బళ్లన్నీ ఆమె అంచనా ప్రకారమే కరెంటు వాడుతుంటే, ఈ బడి అందులో సగం కూడా వాడడం లేదు. "మంచి వార్తేగా, తవ్వడమెందుకు?" అన్నారు ఆఫీసులో. అంత తక్కువతో మనుషుల ఒళ్లు చల్లబడవని ఆమెకు తెలుసు.

నాలుగో తరగతి గుమ్మంలో నిలబడగానే లోపలి వేడి ఆమె మొహానికి కొట్టింది.

"చలువా, ఈ గదిలో ఎవరికి వేడిగా ఉంది?" అని గోడల్ని నడిపే యంత్రాన్ని అడిగింది.

"ఎవరికీ లేదు" అంది చలువ.

విరజ ముందు బెంచీ పిల్లను వరండాలోకి పిలిచి భుజం మీద చెయ్యి వేసింది. చొక్కా కింద బనీను తడితడిగా తగిలింది.

"ఇదేంటమ్మా?"

"కుండ దగ్గర తడుపుకున్నా మేడం. అందరం అంతే. తడిగా ఉంటే గోడకి దొరకం."

"దొరికితే ఏమవుతుంది?"

ఆ పిల్ల నవ్వింది. "రాహేలు అంటారు."

రాహేలు ఎవరో హెడ్మాస్టరు పున్నారావు చెప్పాడు. పుట్టుకతోనే చెమట పట్టని పిల్ల. గోడ ఆ పిల్లను ఇట్టే కనిపెట్టింది. పగలంతా గాలి అటే మళ్లేది, ఆమె వెనక గోడ బాగా చల్లబడి చెమ్మ పట్టేది.

"ఆ సంవత్సరం కరెంటు అంతగా మిగల్లేదు, ఊరి ఇళ్లల్లో రాత్రి ఫ్యాన్లు తొందరగా ఆగిపోయేవమ్మా. ఎవరూ తిట్టలేదు. ఆ చెమ్మ వంక చూసేవాళ్లు, అంతే. ఎంత కరెంటు మింగుద్దిరా ఈ పిల్ల అని ఒకరిద్దరు అన్నారేమో."

"మీరేమన్నారు సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఇంట్లోనూ పసిబిడ్డ ఉందమ్మా."

విరజ వెళ్లేసరికి రేకుల ఇంట్లో రాహేలు నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. తల్లి కరుణమ్మ ఆమె వీపు మీద నీళ్లు చల్లుతోంది.

"నేనూ తడుపుకున్నా మేడం. నాకు ఊరికే ఆరిపోద్ది" అంది రాహేలు. "ఎక్కాలు మర్చిపోతన్నా."

"గోడ మీద చెమ్మ పడితే పావడాతో తుడిచేదంట" అంది కరుణమ్మ. "తుడిచే కొద్దీ పట్టేదంట. ఇంక నేనే బడి మాన్పిచ్చా."

అందరికీ సమంగా పంచమని గోడకు చెప్పడం విరజకు చిటికెలో పని. కానీ అలా చెప్తే మధ్యాహ్నానికల్లా రాహేలు పడిపోతుంది. ఉన్న గోడతోనే ఈ పిల్ల ఆ గదిలో కూర్చోగలగాలి.

"నువ్వు గుమ్మంలో నిలబడు రాహేలూ. ముందు నేను వెళ్లి కూర్చుంటా. గాలి నా మీదికి వస్తుంది, చెమ్మా పడుతుంది. ఏమీ కాదు, నువ్వే చూద్దువుగాని."

రాహేలు తల్లి వంక చూసింది. కరుణమ్మ తువ్వాలు తడిపి కూతురి తల మీద కప్పింది.

ముగ్గురూ ఎండలో నడిచి బడికి చేరారు. తల్లీకూతుళ్లను గుమ్మంలో ఉంచి విరజ చివరి బెంచీలో కూర్చుంది. గాలి వెంటనే ఆమె వైపు తిరిగింది. ఒళ్లంతా తేలికైంది. వెనక గోడ మెల్లగా చెమ్మగిల్లింది.

ముందొక తల వెనక్కి తిరిగింది. తర్వాత ఇంకొకటి. చివరికి గదిలోని కళ్లన్నీ ఆమె మీదే ఉన్నాయి. ఎవరి మొహంలోనూ కోపం లేదు. ఆమెను చూశారు, ఆమె వెనకున్న చెమ్మను చూశారు. విరజ నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఈ గోడ చేసింది నేనే అని చెప్పబోయి తల దించుకుంది.

ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. మూలనున్న కుండలో చున్నీ ముంచి మెడకూ భుజాలకూ చుట్టుకుంది.

గాలి ఆగింది. పిల్లలు పుస్తకాల వైపు తిరిగారు. విరజకు ప్రాణం కుదుటపడింది.

ఆ తర్వాతే గుమ్మం వైపు చూసింది. కరుణమ్మ కూతురి తల మీద తువ్వాలు సర్దుతోంది, ఇంటిదాకా ఎండ కదా.