పది సెకన్ల నవ్వు

ఆదివారం మధ్యాహ్నం. పుప్పాలగూడలోని వాళ్ల గదిలో ఉమాశ్రీ నేల మీద కూర్చుని పసుపు వైరు కొసను పళ్లతో ఒలుస్తోంది.

ఆ వైరు పాత కంప్యూటర్ పవర్ సప్లై డబ్బాది. అపార్ట్‌మెంట్ వాళ్లు పారేస్తే నాన్న రవీందర్ తెచ్చాడు. అదెంత పాతదంటే, దాని ఫ్యాన్‌లో సాలెపురుగులు ముత్తాతల కాలం నుంచి కాపురం ఉంటున్నాయి. ఖాళీ చెయ్యమంటే కోర్టుకు పోతామన్నాయట!

రవీందర్ ఆ అపార్ట్‌మెంట్లోనే ఎలక్ట్రీషియన్. పొద్దున డ్యూటీకి పోతూ, "నేనొచ్చినంక మీటర్ పెట్టి వోల్టులు చూద్దాం బిడ్డా. అప్పటిదాక ముట్టకు," అన్నాడు.

కానీ ఉమకు సాయంత్రం మరీ దూరంగా కనిపించింది.

ఆమె ఒళ్లో చిన్న సర్క్యూట్ బోర్డు ఉంది. సైన్స్ ఫెయిర్ కోసం ఉమ, ఆమె స్నేహితురాలు హరిత కలిసి చేశారు. బటన్ నొక్కితే అందులో రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. ఇద్దరూ ఉపన్యాసం రికార్డు చేయబోయి, "గౌరవనీయులైన" అనగానే పగలబడి నవ్వారు. పది సెకన్లూ నవ్వే.

తర్వాత హరిత వాళ్ల నాన్నకు పుణె బదిలీ అయింది. హరిత బోర్డును ఉమకే ఇచ్చింది. సామాన్లు సర్దే హడావిడిలో అడాప్టర్ పోయింది. నెల రోజులుగా బోర్డు మూగబోయింది. బడిలో ఉమ పక్క సీటు ఖాళీ.

బోర్డుకు ఐదు వోల్టులు చాలు. డబ్బాకు ఎరుపు, పసుపు, నలుపు వైర్లున్నాయి. ఉమకు అపార్ట్‌మెంట్ మీటర్ రూమ్‌లో నాన్న చెప్పింది గుర్తొచ్చింది. "ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. ఏది పట్టినా కరెంటు ఒక్కటే." ఈ వైర్లూ అంతే అనుకుంది. ఎరుపు వైరు పొట్టిగా ఉంది. పసుపుది బోర్డుకు చక్కగా అందింది.

స్విచ్ వేసింది.

టప్!

సన్నటి పొగ, మాడు వాసన. ఉమ బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. అన్నిసార్లు పొట్ట మీద నొక్కితే రాతి ఏనుగైనా కితకితలకు నవ్వేది. బోర్డు మాత్రం నవ్వలేదు.

సాయంత్రం రవీందర్ గుమ్మంలోనే ఆగాడు. "ఏంది బిడ్డా గీ వాసన?"

"మన ఫేజుల లెక్కనే అనుకున్న నాన్నా," అని ఏడ్చేసింది ఉమ.

అతను మీటర్ పెట్టి చూశాడు. ఎరుపులో ఐదు వోల్టులు, పసుపులో పన్నెండు.

"ఇంటి వైరింగ్ వేరు, ఇది వేరు. నాగ్గూడ తెల్వదు. అందుకే ఆగమన్న," అని కూతురి తల నిమిరాడు. "చిప్పు కాలింది. కొత్తది ఏస్త. ఆ నవ్వు మాత్రం నేను తేలేను తల్లీ."

ఆ రాత్రే హరిత ఫోన్ చేసింది. "ఏమే ఉమా, మన బోర్డు పలుకుతాందా?"

పలుకుతోందని చెప్తే, అది అబద్ధమని హరితకు ఎలా తెలుస్తుంది? అయినా ఉమ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నేనే కాల్చిన హరితా. నాన్న ఆగమన్నడు. నేను ఆగలే."



"అయితే మన నవ్వు పోయినట్టేనా?" అంది హరిత సన్నగా. మళ్లీ తనే, "దసరాకి వస్తాం లేవే," అంది.

మరుసటి ఆదివారం రవీందర్ కొత్త చిప్పు అతికించాడు. ఉమ మీటర్‌తో రెండుసార్లు చూసుకుని ఎరుపు వైరు కలిపింది. పచ్చ లైటు వెలిగింది.

"ఏదన్న మాట్లాడు, రికార్డు అయితదో లేదో చూద్దాం," అన్నాడు నాన్న.

ఉమ వేలు రికార్డు బటన్ దాకా వెళ్లి ఆగింది.

"ఇప్పుడొద్దు నాన్నా. హరిత రానీ."

స్విచ్ ఆపి, బటన్ మీద నల్ల టేపు ముక్క అంటించింది. దసరాకి ఇంకా డెబ్బై ఒక్క రోజులు.